పిలిచారు సరే, పీట వేశారా? డల్లాస్ దగ్గర ఒక చిన్న బోర్డ్ గేమ్ కన్వెన్షన్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కన్వెన్షన్ పేరు రాయట్లేదు. నడిపేది పది పన్నెండు మంది వాలంటీర్లు, పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు దీని మీద కూర్చుంటారు, వాళ్ళని పేరు పెట్టి ఏకిపారేయడం నా ఉద్దేశం కాదు. డల్లాస్ శివార్లలో ఒక హోటల్, శుక్రవారం మధ్యాహ్నం మొదలై ఆదివారం సాయంత్రానికి అయిపోతుంది. ఈ చుట్టుపక్కల గేమ్స్ ఆడేవాళ్ళకి ఏదో ఇట్టే తెలిసిపోతుంది, మిగతావాళ్ళకి పేరుతో పనేముంది. రేటింగ్ అడిగితే అయిదుకి మూడున్నర. ఆ పోయిన ఒకటిన్నర ఎందుకు పోయిందో చెప్పడానికే ఈ సోదంతా.

నేను నాలుగేళ్ళ నుంచి వెళ్తున్నా. ఈసారి మా ఆవిడ, పదేళ్ళ మా అమ్మాయి, వాళ్ళతో పాటు మా తోడల్లుడు కూడా వచ్చాడు. తోడల్లుడు ఫ్రిస్కోలో ఉంటాడు, బోర్డ్ గేమ్ అంటే వాడికి క్యారమ్స్, లేకపోతే మూడు ముక్కలాట. మూడు రోజుల బ్యాడ్జ్, అంటే ప్రవేశం టికెట్టు, 65 డాలర్లు అని చెప్పగానే "పేకాటకి హోటల్ కెళ్ళి ఎదురు డబ్బులిచ్చి ఆడతారా అన్నయ్యా, మా ఇంటికి రండి, నేనే టీ కూడా ఇస్తా" అన్నాడు. శనివారం ఒక్కరోజు బ్యాడ్జ్ నేనే కొనిచ్చి లాక్కెళ్ళా. వాడి కథ తర్వాత వస్తుంది.

అసలు ఏముంటుందంటే ఒక పెద్ద బాల్‌రూమ్ నిండా టేబుళ్ళు, పక్క గదిలో లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు, కొన్ని వందల గేమ్ డబ్బాలు, బ్యాడ్జ్ చూపిస్తే ఒక డబ్బా ఇస్తారు, ఆడుకుని తిరిగిచ్చేయాలి. రాత్రి రెండింటికి వెళ్ళినా ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. జనం ఏడెనిమిది వందలు ఉంటారేమో, నా కంటి అంచనా. పెద్దవాటితో పోల్చకూడదు. ఇండియానాపొలిస్‌లో జరిగే జెన్ కాన్‌కి 70 వేల మంది పైన వస్తారు, జర్మనీలో ఎస్సెన్ ఊళ్ళో అక్టోబర్‌లో జరిగే ష్పీల్‌కి 2024లో రెండు లక్షలు దాటారు. అంతెందుకు, మన డల్లాస్ డౌన్‌టౌన్‌లోనే నవంబర్‌లో బోర్డ్‌గేమ్‌గీక్ అనే బోర్డ్ గేముల వెబ్‌సైట్ వాళ్ళ కన్వెన్షన్ 2005 నుంచి జరుగుతోంది, దాని లైబ్రరీ ముందు ఇక్కడిది మన ఊరి శాఖా గ్రంథాలయం లాంటిది. కానీ జెన్ కాన్ కూడా 1968లో విస్కాన్సిన్‌లో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో ఓ హాల్లో సుమారు వందమందితో మొదలైందే. ఆ ఊరి పేరులోంచే దానికి జెన్ అని వచ్చింది. చిన్నదని తీసిపారేయడానికి లేదు.

ఈ ఏడాది స్పెషల్ ఏంటంటే గెస్టులు. ఇదివరకు ప్రతి ఏడాదీ ఒక పేరున్న డిజైనర్‌ని పిలిచేవాళ్ళు, ఫ్లైటు టికెట్టు, హోటలు, శనివారం రాత్రి ఆయనతో డిన్నర్, ఆ డిన్నర్‌కి మళ్ళీ వేరే టికెట్టు. నిజం చెప్పాలంటే ఆయనతో మనకి దొరికేది ఒక సంతకం, ఒక ఫోటో, అయిపోయింది. ఈసారి ఆ డబ్బుతో ఏడుగురు చిన్న పబ్లిషర్లని గెస్టులుగా పిలిచారు. చిన్న అంటే నిజంగానే చిన్న. ఒకరో ఇద్దరో మనుషులు, గరాజ్ నిండా అట్టపెట్టెలు, గేమ్ వాళ్ళే తయారుచేస్తారు, బొమ్మలకి ఎవరికో డబ్బులిస్తారు, కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్లో డబ్బు పోగేస్తారు, చైనాలో ప్రింట్ చేయిస్తారు, పోస్టాఫీసుకి వాళ్ళే మోసుకెళ్తారు. ఏడుగురికీ ఒక్కో ఎనిమిదడుగుల టేబుల్ ఫ్రీ, రెండు బ్యాడ్జీలు, రెండు రాత్రులు ఒక రూము. ప్రయాణం ఖర్చులు వాళ్ళవే. బదులుగా రోజూ కొన్ని గంటలు డెమోలు (వచ్చినవాళ్ళకి గేమ్ నేర్పి ఆడించడం), ఒక ప్యానెల్ (జనం ముందు కూర్చుని చర్చ), లైబ్రరీకి ఒక్కో గేమ్ రెండు కాపీలు. ఇది చదవగానే నాకు భలే నచ్చింది, అందుకే మిగతా ముగ్గుర్నీ కూడా తీసుకెళ్ళింది.

ఎందుకు నచ్చిందో కూడా చెప్పాలి. టోక్యోలో గేమ్ మార్కెట్ అని ఒకటి జరుగుతుంది, 2000 నుంచి ఉంది, సొంతంగా యాభయ్యో వందో కాపీలు చేసుకున్న వాళ్ళు కూడా చిన్న బల్ల వేసుకుని అమ్ముకోవచ్చు. లవ్ లెటర్ అని మొదట 16 కార్డులతో వచ్చిన గేమ్, ఇవాళ ప్రపంచమంతా ఆడుతున్నారు, అది ఆ బల్లల మీంచి వచ్చిందే. జేబులో పట్టే డబ్బాల ఓయింక్ గేమ్స్ వాళ్ళు కూడా అక్కడ అమ్ముకుంటూ ఎదిగినవాళ్ళే. పెద్ద కన్వెన్షన్లో చిన్నవాడు డబ్బులు పోసి స్టాల్ తీసుకున్నా, పక్కన పెద్ద కంపెనీ రెండు అంతస్తుల సెట్టింగు, ఎల్‌ఈడీ స్క్రీన్లు పెట్టేస్తే వీడి మొహం చూసేవాడుండడు. ఇలాంటి ఏడెనిమిది వందల మంది వచ్చే చోట అయితే ఆదివారానికల్లా అందరూ అందర్నీ చూసేస్తారు. కాబట్టి ఐడియాకి నా తరఫున అయిదుకి అయిదు.

ఇక అసలు సంగతి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి చేరాం. బ్యాడ్జీలు తీసుకున్నాం, బాల్‌రూమ్ అంతా తిరిగాం, గెస్టులు ఎక్కడా కనపడలేదు. ఇంకా రాలేదేమో అనుకున్నా. రిజిస్ట్రేషన్ దగ్గర పిల్లాడిని అడిగితే "ఉన్నారండీ, అటు వెనకాల" అని చెయ్యి ఎటో ఊపాడు. వెళ్తే బాల్‌రూమ్ దాటాక ఒక కారిడార్, రెస్ట్‌రూములు, మళ్ళీ ఎడమకి తిరిగితే ఒక సన్నటి హాలు, దాని మొదట్లో హోటలు వాళ్ళ ఐస్ మెషీన్. గర్రుమని శబ్దం. ఆ శబ్దానికి అవతల ఏడు టేబుళ్ళు. ఒక్క బోర్డు లేదు, నేల మీద బాణం గుర్తు లేదు. మా అమ్మాయి ఐస్ కోసం వెళ్ళి కనిపెట్టింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఇంకో రౌండు తిరిగేవాణ్ణి. పెళ్ళికి పిలిచి వంటశాల పక్కన పీట వేసినట్టుంది. పీటైతే వేశారు, కాదనను.

మొదటి టేబుల్ ఆస్టిన్ నుంచి వచ్చిన భార్యాభర్తలది. ఐ-35 మీద 200 మైళ్ళు డ్రైవ్ చేసుకుని వచ్చారు. వాళ్ళ గేమ్ గబ్బిలాల మీద. ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద వేసవిలో దాదాపు 15 లక్షల గబ్బిలాలు ఉంటాయి, సాయంత్రం పూట పొగ లేచినట్టు బయటికొస్తాయి, మేం ఒకసారి చూశాం, వంతెన మీద నిలబడి తల మీద ఏదో పడిందని మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. గేమ్‌లో ఆ గుంపుని వంతెన కింద నుంచి పురుగుల మీదకి పంపి తెల్లారేలోపు వెనక్కి తేవాలి, ఎక్కువ ఆశపడితే గద్ద కార్డు పడి సగం పోతాయి. 54 కార్డులు, ఇరవై నిమిషాలు. 54 ఎందుకంటే వాళ్ళ ప్రింటర్ దగ్గర షీటుకి అన్నే పడతాయట, ఒక్క కార్డు ఎక్కువైనా రెండో షీటు ఖర్చు. అందుకని నాలుగు మంచి కార్డులు తీసేశారట, చెప్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి, పిల్లల్ని హాస్టల్లో వేసినవాడిలా పెట్టాడు.

ఇక్కడే చిన్న పబ్లిషర్ని పిలవడంలో మజా. పెద్ద కంపెనీ డెమో టేబుల్ దగ్గర రూల్స్ బట్టీపట్టిన కుర్రాడుంటాడు, "అది రూల్ అంతే అండి" అంటాడు. ఇక్కడ గేమ్ కన్నవాడే ఎదురుగా కూర్చుంటాడు. మా అమ్మాయి రెండో ఆటలో "తల్లి గబ్బిలం పిల్ల దగ్గరికి ముందు వెళ్ళాలి కదా, పురుగుల దగ్గరికి ఎందుకెళ్తుంది" అని అడిగింది. ఆస్టిన్ ఆవిడ నవ్వేసి ఊరుకోలేదు, నోట్‌బుక్ తీసి రాసుకుంది, లక్షల పిల్లల్లో తల్లి తన పిల్లని గొంతుతో, వాసనతో ఎలా పట్టుకుంటుందో మా దానికి పావుగంట చెప్పింది. ఆ పావుగంటలో టేబుల్ దగ్గరికి వచ్చిన ఇద్దరు కస్టమర్లు వెళ్ళిపోయారు, అది నేను చూశాను, ఆవిడా చూసింది. వాళ్ళాయన అప్పుడు ప్యానెల్లో ఉన్నాడు.

అవును, ప్యానెల్. శుక్రవారం ఏడింటికి "చిన్న పబ్లిషర్‌గా బతకడం ఎలా" అని ప్యానెల్ పెట్టారు, అదే ఏడింటికి అదే ఏడుగురికి డెమో స్లాట్లు కూడా వేశారు. షెడ్యూల్ వేసినవాళ్ళు గెస్ట్ అంటే ఒక కంపెనీ అనుకున్నారు, కంపెనీ అంటే పదిమంది ఉంటారనుకున్నారు. ఏడింట్లో నాలుగు టేబుళ్ళ దగ్గర ఒక్కరే మనిషి. ప్యానెల్‌కి వెళ్తే టేబుల్ ఖాళీ, టేబుల్ దగ్గర ఉంటే ప్యానెల్లో కుర్చీ ఖాళీ. ఓక్లహోమా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, అమెరికా సివిల్ వార్ మీద, ఆరు మూలల గళ్ళున్న మ్యాపుల మీద ఆడే వార్‌గేములు చేస్తాడు, టేబుల్ మీద దుప్పటి కప్పి "ఏడున్నరకి వస్తా" అని చీటీ పెట్టి వెళ్ళాడు. ప్యానెల్లో జనం ఎంతమందో తెలుసా, పదకొండు మంది. నేను లెక్కపెట్టా. చెప్పింది మాత్రం బంగారం.

శనివారం మధ్యాహ్నం ఆ ఆస్టిన్ దంపతుల్ని నేను, తోడల్లుడు డల్లాస్ పక్కనున్న అర్వింగ్ తీసుకెళ్ళాం బిర్యానీకి. హోటల్లో చికెన్ శాండ్‌విచ్ 17 డాలర్లు, దాన్ని చూస్తే ఆకలి చచ్చిపోతుంది, అందుకని. ఇద్దరూ ఒకేసారి టేబుల్ వదిలి రాలేమన్నారు, మా ఆవిడ, అమ్మాయి టేబుల్ దగ్గర కూర్చుంటామన్నారు, అప్పుడు కదిలారు. గోంగూర మటన్ తిని ఆయన ముక్కు చీదుకుంటూ పేపర్ న్యాప్కిన్ మీద లెక్క రాసి చూపించాడు. ఇది మీక్కూడా చెప్పాలి, ఎందుకంటే కన్వెన్షన్లు ఉచిత టేబుల్ ఇచ్చి మహోపకారం చేశామనుకుంటాయి.

వాళ్ళ గేమ్ ధర 25 డాలర్లు. తయారీకి అయిదు డాలర్లవుతుంది, ఈ లైన్లో తయారీ ఖర్చుకి అయిదు రెట్లు ధర పెట్టాలని ఒక మొరటు లెక్క ఉంది. షాపులకి వెళ్ళాలంటే మధ్యలో డిస్ట్రిబ్యూటర్, అతను ధరలో 40 శాతం ఇస్తాడు, అంటే పది డాలర్లు. కన్వెన్షన్లో నేరుగా అమ్మితే పాతిక్కి పాతిక చేతికొస్తుంది. అందుకే వీళ్ళకి ఇలాంటి వీకెండ్లు ప్రాణం. మూడు రోజుల్లో ఒక 60 కాపీలు పోతే అదృష్టం అన్నాడు (ఆదివారం చివరికి 61 అమ్మారు, నేను వెళ్ళి అడిగా). 61 కాపీలంటే 1525 డాలర్లు. ఇంతే డబ్బు డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి రావాలంటే 150 కాపీల పైన పోవాలి. సరే, ఇందులో తయారీ 305 తీసేయండి, పెట్రోలు, తిండి, కార్డు స్వైప్ చార్జీలు కలిపి ఒక 220. వెయ్యి మిగిలింది. టేబుల్‌కి 300, రూముకి 300 వాళ్ళే కట్టుకుని ఉంటే మిగిలేది 400. ఇద్దరూ కలిపి ఇక్కడ పెట్టిన టైము అటూఇటూగా 60 గంటలు. గంటకి ఏడు డాలర్లు కూడా రావు, టెక్సస్‌లో కనీస వేతనమే ఏడుంపావు. అంటే ఆ ఉచిత టేబుల్, ఉచిత రూము ఉన్నాయి కాబట్టే వాళ్ళు రాగలిగారు. మా తోడల్లుడు అకౌంటింగ్ మనిషి, న్యాప్కిన్ లాక్కుని అంతా సరిచూసి "లెక్క కరెక్టే అన్నయ్యా, కానీ ఇదేం బిజినెస్" అన్నాడు. ఆవిడ "బిజినెస్ కాదు, అలవాటు" అంది. వాడికి ఆ జవాబు బాగా నచ్చేసింది.

దీనికి తోడు టారిఫ్‌లు, అంటే దిగుమతి పన్నులు. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద 145 శాతం దాకా వెళ్ళి మే నెలలో 30కి దిగింది కదా, ఆ నెల రోజులు నిద్రపోలేదన్నాడు. వీళ్ళ సరుకు అప్పటికి ఫ్యాక్టరీలో తయారై ఉంది. ఓడెక్కిస్తే పన్ను, ఎక్కించకపోతే గోడౌన్ అద్దె. అమెరికాలోనే ప్రింట్ చేయించొచ్చు కదా అని మనలాంటివాళ్ళం తేలిగ్గా అనేస్తాం, కార్డులవరకు పర్లేదుట, చెక్క ముక్కలు, గట్టి డబ్బా, ప్లాస్టిక్ ట్రే అన్నీ ఒకే కప్పు కింద చేసి ఇచ్చేవాళ్ళు ఇక్కడ ఆ రేటుకి దొరకరు.

మిగతా గెస్టుల గురించి కూడా కొంచెం. ఒకావిడ రోల్‌ప్లేయింగ్ గేములు, అంటే పాత్రల్లో దూరి కథ చెప్పుకుంటూ ఆడేవి, రాస్తుంది, 30 పేజీల బుక్‌లెట్లు, స్టేపుల్ కొట్టినవి, ఇంటి ప్రింటర్లోవే, ఒక్కోటి పది డాలర్లు. అందులో ఒకటి అక్కాచెల్లెళ్ళు చనిపోయిన నాన్న ఇల్లు ఖాళీ చేస్తూ ఒక్కో వస్తువు గురించి చెప్పుకోవడం, అంతే గేమ్, పాచికలు కూడా లేవు. మా ఆవిడ, పరిచయం లేని ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఆడారు, నలభై నిమిషాల తర్వాత కళ్ళు తుడుచుకుంటూ లేచారు. నాకు అలాంటివి ఎక్కవు, కానీ మా ఆవిడకి ఈ కన్వెన్షన్ అంతటికీ అదే బెస్టు. ఓక్లహోమా పెద్దాయన వార్‌గేములు ఆడటానికి ఆరు గంటలు కావాలి, నేను దణ్ణం పెట్టి వచ్చేశా. ఇంకొకతను చెక్కతో చేసిన ఫింగర్ ఫుట్‌బాల్ లాంటిది తెచ్చాడు, సరదాగా ఉంది, ధర 80, సరదా తగ్గింది. మిగతా మూడు టేబుళ్ళ గురించి రాయడానికి ఏమీ లేదు, వాటిల్లో ఒకటైతే నాకు రూల్సే అర్థం కాలేదు, చేసినతనికీ పూర్తిగా అర్థమైనట్టు లేదు.

తోడల్లుడి సంగతి చెప్తానన్నా కదా. వాడు శనివారం సాయంత్రం గబ్బిలాల గేమ్ ఆరుసార్లు ఆడాడు. ఆరుసార్లూ అత్యాశకి పోయి గద్దకి బలైపోయాడు. రమ్మీలో కూడా అంతే వాడు, మొదటి డ్రాప్ అనేది వాడి డిక్షనరీలో లేదు. చివరికి రెండు కాపీలు కొన్నాడు, ఒకటి వాళ్ళ నాన్నకి గుంటూరు పంపుతాడట.

ఇప్పుడు తిట్టాల్సినవి. గెస్ట్ ప్యాకెట్లో "ప్రతి రెండు గంటలకి ఒక వాలంటీర్ వచ్చి మీ టేబుల్ దగ్గర కూర్చుంటారు, మీరు తిని రావచ్చు" అని రాసుందట. శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం మధ్యాహ్నం ఒకమ్మాయి ఆకుపచ్చ టీషర్టు వేసుకుని ఒక్కసారి వచ్చింది, అదీ మేం బిర్యానీ తిని వచ్చేశాక. ఆదివారం మళ్ళీ లేరు. ఒంటరిగా వచ్చినవాళ్ళు బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా పక్క టేబుల్ వాళ్ళని బతిమాలుకోవాల్సి వచ్చింది. వినడానికి చిన్న విషయమే. పన్నెండు గంటలు నిలబడి ఒకే రూల్ డెబ్భైసార్లు చెప్పినవాడికి అది చిన్నది కాదు. ఇంకా నయం, ఏడుగురూ ఒకరికొకరు బాగా కలిసిపోయారు, ఆదివారానికి ఒకళ్ళ గేములు ఒకళ్ళు అమ్మేస్తున్నారు, రోల్‌ప్లేయింగ్ ఆవిడ గబ్బిలాలు నాకంటే బాగా నేర్పిస్తోంది.

హోటల్ సంగతి ఇంకోటి. ఇద్దరు గెస్టులు సరుకు ముందే పార్సిల్‌లో హోటల్‌కి పంపించారు. గెస్టులు దిగగానే హోటలు వాళ్ళు డబ్బాకి ఇంత అని హ్యాండ్లింగ్ చార్జీ బిల్లు చేతిలో పెట్టారు. ఈ దేశంలో చాలా హోటళ్ళు వసూలు చేస్తాయి, కొత్తేం కాదు, కానీ ముందు ఎవరూ చెప్పకపోతే పన్నెండు డబ్బాలు పంపినవాడి గతి ఏంటి. సామాన్లు దింపుకోడానికి తోపుడు బండి ఒక్కటే, ఏడుగురికీ. వైఫై అయితే ఆ హాల్లో లేనట్టే, ఫోన్ సిగ్నల్ ఒక గీత, కార్డు రీడర్ తిరుగుతూనే ఉంటుంది, కొనేవాడు ఇబ్బందిగా నవ్వుతాడు, "మళ్ళీ వస్తా" అంటాడు, రాడు. నేనే ఒకసారి బయట పార్కింగ్ దాకా వెళ్ళి ఏటీఎం నుంచి నగదు తెచ్చిచ్చా.

అలాగే సేల్స్ ట్యాక్స్. టెక్సస్‌లో రెండు రోజులు అమ్మినా పర్మిట్ ఉండాలి, కంప్ట్రోలర్ ఆఫీసు, అంటే రాష్ట్రం పన్నుల ఆఫీసు, నుంచి ఉచితంగానే ఇస్తారు, ఈ ఏరియాలో ట్యాక్స్ ఎనిమిదింపావు శాతం. ఆస్టిన్ వాళ్ళకి ఎలాగూ ఉంది. ఓక్లహోమా పెద్దాయనకి శుక్రవారం పొద్దున ఎవరో చెప్తే ఫోన్లో ఫారం నింపుకుంటూ కూర్చున్నాడు పాపం. పిలిచినవాళ్ళు ఆరు నెలల ముందు ఒక్క ఈమెయిల్లో రెండు లైన్లు రాస్తే పోయేదానికి.

నన్నడిగితే వీళ్ళకి డబ్బు సమస్య కాదు. కన్వెన్షన్ హోటల్లో రూములు బ్లాక్ చేసినప్పుడు నలభయ్యో యాభయ్యో రూములు బుక్కయితే ఒకటి ఫ్రీగా ఇవ్వడం మామూలే, గెస్టుల రూములు చాలా వరకు అందులోంచే వస్తాయి. టేబుల్ హోటలుది. బ్యాడ్జీ అంటే తాడు, కాగితం. కాబట్టి ఒక సెలబ్రిటీ బదులు ఏడుగురు చిన్నవాళ్ళని తేవడానికి పెద్దగా ఖర్చు కాలేదు, ఖర్చుపెట్టాల్సింది ఒక మనిషిని. ఈ ఏడుగురి పని తప్ప ఇంకేమీ చూసుకోని ఒక్క వాలంటీర్. మన పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి విడిదికి ఒక మేనమామని కాపలా పెడతాం చూడండి, వేణ్ణీళ్ళు వచ్చాయా, కాఫీ అందిందా, ముసలావిడకి దిండు ఉందా అని తిరుగుతూ ఉంటాడు, ఫోటోల్లో ఎక్కడా ఉండడు, ఆయన లేకపోతే మాత్రం పెళ్ళి గొడవతో అయిపోతుంది. అలాంటి మేనమామ లేడు ఇక్కడ. నిర్వాహకుల్లో ఒకాయన్ని పట్టుకుని ఇదే చెప్పా, మేనమామ ముక్క ఇంగ్లీషులో చెప్పడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన ఓపిగ్గా విన్నాడు, "మీరు చేస్తారా వచ్చే ఏడాది" అన్నాడు. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది.

పేర్లు ప్రకటించడం కూడా ఆలస్యం చేశారు. గెస్టుల లిస్టు మూడు వారాల ముందు పెట్టారు, అప్పటికి బ్యాడ్జీలు కొనేవాళ్ళు కొనేశారు. నాలుగైదు నెలల ముందు పెట్టి, నెలకో ఇద్దరి గురించి రాసి, వాళ్ళ గేములు లోకల్ షాపుల్లో ఓ సాయంత్రం ఆడించి ఉంటే, జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఐస్ మెషీన్ పక్కన పెట్టినా వచ్చేవాళ్ళు.

మెచ్చుకోవాల్సినది ఒకటి మర్చిపోతున్నా. ప్లే టు విన్ అని ఒక టేబుల్ ఉంది. గెస్టులు ఇచ్చిన గేములు అందులో పెడతారు, అక్కడ కూర్చుని ఆడితే మీ పేరు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు, ఆదివారం మూడింటికి లాటరీ తీసి ఆ గేమ్ ఇంటికి ఇచ్చేస్తారు. ఇది చాలాచోట్ల చేస్తారు కానీ ఇక్కడ లైబ్రరీ గుమ్మంలోనే పెట్టారు, ఎప్పుడూ నిండుగా ఉంది. అక్కడ ఆడి నచ్చి, "ఇది చేసినవాళ్ళు ఇక్కడే ఉన్నారట" అని వెతుక్కుంటూ వెనక్కి వచ్చినవాళ్ళని నేనే ఒక పదిమందిని చూశా. ఆస్టిన్ వాళ్ళు అమ్మిన 61లో సగం ఆ టేబుల్ పుణ్యమే అని వాళ్ళే అన్నారు. దాని మీద "గెస్టుల హాలు ఇటు" అని ఒక కాగితం అంటించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, అది వేరే సంగతి. ఆదివారం పొద్దున మా అమ్మాయి స్కెచ్ పెన్నులతో రాసి అంటించింది, గబ్బిలం బొమ్మతో సహా.

ఇంకో చిన్న ముచ్చట. లైబ్రరీలో పిల్లల అరలో పాత పార్చీసీ డబ్బా కనపడింది. మన పచ్చీసే. 1874లోనే ఇక్కడ ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ తీసుకున్నారు. పక్కనే ష్యూట్స్ అండ్ ల్యాడర్స్, అంటే మన వైకుంఠపాళిలోంచి పాముల్ని తీసేసి జారుడుబల్లలు పెట్టారు, పాపం పుణ్యం వైకుంఠం అన్నీ పోయాయి. ఓక్లహోమా పెద్దాయనకి మా అమ్మమ్మ ఇంట్లో అరుగు మీద సుద్దతో గీసి ఆడిన పులిజూదం గురించి చెప్పా, మూడు పులులు, పదిహేను మేకలు, పులి మేకని దూకి తింటుంది, మేకలు పులిని కదలకుండా కట్టేయాలి. ఆయన వెంటనే కాగితం ఇచ్చి గియ్యమన్నాడు. సీసా మూతలు పులులు, ఆయన గేమ్‌లోని యూనియన్ సైన్యం (ఉత్తరాది సైన్యం) బిళ్ళలు మేకలు. గంటసేపు ఆడాం, ఆయన సేనలన్నీ నా పులులు తినేశాయి, రెండో ఆటలో కట్టేశాడు. ఆరు గంటల వార్‌గేమ్ ఆడనన్నందుకు నన్ను అప్పుడు క్షమించాడనుకుంటా. చుట్టూ నలుగురు చేరారు, "ఇదెక్కడ దొరుకుతుంది, ఎంత" అని అడిగారు. అరుగు ఉంటే చాలు అని చెప్పా.

వెళ్ళాలా వద్దా అంటే, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి శనివారం ఒక్కరోజు చాలు. మూడు రోజుల బ్యాడ్జ్ రాత్రంతా ఆడేవాళ్ళకే గిట్టుబాటు. తిండికి అర్వింగ్ వెళ్ళిపోండి, హోటల్లో కాఫీ తప్ప ఏమీ ముట్టుకోవద్దు. నగదు పట్టుకెళ్ళండి, పదులు, అయిదులు, చిల్లర లేదని వాళ్ళు ఏడుస్తుంటారు. వెళ్ళగానే బాల్‌రూమ్‌లో కూర్చోకుండా ముందు గెస్టుల దగ్గరికి వెళ్ళండి, పొద్దున పది పదకొండు మధ్య ఖాళీగా ఉంటారు, తీరిగ్గా ఆడిస్తారు. రెస్ట్‌రూములు దాటి ఎడమకి. మా అమ్మాయి అంటించిన కాగితం వచ్చే ఏడాదికి ఉండదు కాబట్టి, ఐస్ మెషీన్ గర్రుమనే శబ్దం వినపడే దాకా నడవండి.